పెట్టె మీది బొమ్మ, పెట్టె లేని చుట్ట: ఉత్తరాంధ్ర పొగాకు చిత్రాలపై ఒక పరిశీలన

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది. 1909లో దాదాపు కొత్త నాటకమనదగినంతగా మారి మళ్ళీ వెలువడింది. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ మూడు సంవత్సరాలకున్న స్థానం అందరికీ తెలిసినదే. సాహిత్యంతో ఏ సంబంధమూ లేనట్లు కనిపించే మరొక వస్తువు చరిత్రలోనూ ఈ కాలమే కీలకమైనది. రంగుల బొమ్మ అచ్చువేసిన చిన్న అట్టముక్క ఒకటి సిగరెట్టు పెట్టెలో దాగి అమెరికా నుంచి ఇంగ్లండుకూ, అక్కడి నుంచి వలస రాజ్యాలకూ ప్రయాణించినది ఈ రెండు దశాబ్దాలలోనే. దానిని సిగరెట్టు కార్డు అన్నారు. దానిని దాచుకున్న వారు ముందు పిల్లలు, ఆ తర్వాత పెద్దలు, చివరికి మ్యూజియంలు.

గిరీశం చేతిలో ఉన్నది సిగరెట్టు కాదు, చుట్ట. తన సహవాసం వల్ల అబ్బిన విద్య చుట్ట కాల్చడమొక్కటేనని వెంకటేశం ఎత్తిపొడవడం తెలుగువారు మరచిపోలేని సన్నివేశం. అమృతం తొణికి భూమి మీద పొగాకు మొలిచిందనే చమత్కార పద్యం కూడా గిరీశం నోటివెంట వస్తుంది. అయితే నాటకం ఆరంభంలోనే అతనిని వెంటాడే బాకీలలో ఫొటో తాలూకు బాకీ ఒకటి ఉన్నదన్న సంగతి అంతగా చర్చకు రాదు. పొగ, యంత్రంతో తీసిన బొమ్మ, ఈ రెండూ కొత్త పట్టణ జీవితపు సరదాలుగా ఒకే మనిషిలో కలిసి ఉండడాన్ని గురజాడ కన్ను పట్టుకొన్నది. ఆ రెండింటినీ ఒకే సరకుగా కలిపి అమ్మిన ఘనత మాత్రం పొగాకు కంపెనీలది.

సిగరెట్టు కార్డు పుట్టుక కళావసరం వల్ల జరిగినది కాదు. 19వ శతాబ్ది చివరి పాదంలో అమెరికాలో సిగరెట్లను పలుచని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. జేబులో పెట్టుకుంటే నలిగిపోయేవి. అవి విరగకుండా పొట్లంలో ఒక గట్టి అట్టముక్కను పెట్టారు. ఖాళీగా ఉన్న ఆ అట్టమీద బొమ్మ వేస్తే సరకు అమ్ముడవుతుందని కంపెనీలు త్వరలోనే గ్రహించాయి. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండుకు చెందిన ఆలెన్ అండ్ గింటర్ సంస్థ 1880ల రెండవ సగంలో వెలువరించిన కార్డులు ఈ కళకు తొలి మెట్టు. బేస్‌బాల్ ఆటగాళ్ళు, మల్లులు, ముష్టియోధులు, పక్షులు, జెండాలు, నటీమణులు, ఇలా దేనినైనా వరుసగా అచ్చువేయవచ్చునన్న ఆలోచన అక్కడ స్థిరపడింది. ఇంగ్లండులో విల్స్, ప్లేయర్ కంపెనీలు అదే బాట పట్టాయి. కోటలు, మఠాల చిత్రాలతో ప్లేయర్ కంపెనీ వేసిన వరుస 1893 నాటిది.

ఈ కార్డులలో మొదటి నుంచీ ఉన్న ఒక నియమం తెలుగు విద్యార్థికి వెంటనే పరిచితంగా తోస్తుంది. కార్డు ఒంటరిగా రాదు. ఇరవై అయిదో, యాభయ్యో ఉన్న వరుసలో ఒకటిగా వస్తుంది. చాలావాటికి సంఖ్య ఉంటుంది. ప్రతిదానిమీదా కంపెనీ పేరు ఉంటుంది. కార్డు దేనికది పూర్తి, అయినా వరుస నిండేదాకా దాచుకొనేవానికి తృప్తి ఉండదు. శతకం నడక కూడా ఇదే గదా. ప్రతి పద్యమూ ముక్తకం, ప్రతి పద్యం చివరా మకుటం, నూరు నిండితేనే శతకం. మకుటాన్ని వాణిజ్య ముద్రతో పోల్చడం కొందరికి అపచారంగా తోచవచ్చును. భక్తి కవికీ పొగాకు వ్యాపారికీ ప్రయోజనంలో పోలిక లేదు. కానీ విడివిడి ముక్కలను జ్ఞాపకంలో నిలిపే పద్ధతిగా చూస్తే ఈ రెండింటి నిర్మాణం ఒకటే. ముక్కలు చెదిరిపోయినప్పుడు కూడా మకుటం వాటి ఊరు చెబుతుంది. చాటువులకు ఆ సదుపాయం లేకపోవడం వల్లనే వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’ కోసం అంత శ్రమ పడవలసి వచ్చింది. అచ్చులో లేనిదీ, ఒకరి నోటినుంచి మరొకరి నోటికి పోయేదీ అయిన దానిని పోగుచేసే పండితుడికీ, చిల్లర కాగితాన్ని పోగుచేసే అభిరుచిపరుడికీ మధ్య దూరం పైకి కనిపించినంత ఎక్కువ కాదు.

కార్డుల ముద్రణలో వాడిన విధానం రాతి అచ్చు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి కావాలి. రంగు మీద రంగు సరిగా కూర్చకపోతే పెదవి ఎరుపు చెంపకు ప్రాకుతుంది. మన దేశంలో రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం చేసిన పని కూడా సాంకేతికంగా ఇదే. లక్ష్మీ, సరస్వతులు గోడమీదికి వచ్చిన మార్గమూ, నటీమణి జేబులోకి వచ్చిన మార్గమూ ఒకటే రాయి. మాంచెస్టరు బట్టల తానులమీద అంటించిన రంగుల చీటీలు, ఆస్ట్రియా, స్వీడన్, జపాను అగ్గిపెట్టెల మీద హిందూ దేవతల బొమ్మలు, ఆ తర్వాత శివకాశి ముద్రణాలయాల పని, ఇవన్నీ ఒక కుటుంబమే. ఈ కుటుంబం గురించి క్రిస్టఫర్ పిన్నీ, జ్యోతీంద్ర జైన్, కజ్రీ జైన్ విస్తారంగా రాశారు. వారి దృష్టి ప్రధానంగా కలకత్తా, పూనా, బొంబాయి, నాథద్వారా, శివకాశి వంటి ఉత్పత్తి కేంద్రాల మీద నిలిచింది. బొమ్మ తయారైన చోటికన్నా అది చేరిన చోట దానికి ఏమైందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాలు తగిన క్షేత్రాలు.

ఈ ప్రాంతానికి బొమ్మల కార్డు పూర్తిగా కొత్తది కాదు. 1936 వరకూ ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో అధికభాగం గంజాం జిల్లాలో ఉండేది. సరిహద్దుకు ఆవల ఉన్న పర్లాకిమిడిలో ‘గంజపా’ అనే గుండ్రని చేతిరాత ఆటముక్కలను చిత్రకారులు తయారుచేసేవారు. గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, రంగువేసి, దశావతారాలనో రామాయణ పాత్రలనో గుర్తులుగా దిద్దిన ముక్కలవి. వాటిలోనూ వరుసలున్నాయి, విలువలున్నాయి, ఒక ముక్క పోతే ఆట మొత్తం చెడుతుంది. అయితే గంజపా ముక్కకు ధర ఉంది, చేసినవాని చేయి ఉంది. సిగరెట్టు కార్డు ఉచితంగా వచ్చేది, అంటే ధర సిగరెట్టులో కలిసిపోయి కనపడకుండా వచ్చేది. ఉచితంగా వచ్చిన వస్తువును ఎవరూ పారంపర్యంగా కాపాడరు. పోగుచేసేవాడికి మాత్రం ఆ నిర్లక్ష్యమే అదృష్టం, ఎందుకంటే నూటికి తొంభై పారవేయబడితేనే మిగిలిన పది అరుదవుతాయి.

1890లలో తూర్పుతీరపు రైలుమార్గం పడిన తర్వాత పెట్టెలో వచ్చే సరకుకు ఈ జిల్లాలలో దారి ఏర్పడింది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1912లో ఆకు కొనుగోలుకోసం వేరే సంస్థ పుట్టి, గుంటూరు సీమ నల్లరేగడులవైపు చూపు సారించింది. అదే 1912లో విల్స్ వారి ‘సిజర్స్’ సిగరెట్టుతో ‘ఇండియన్ రెజిమెంట్స్’ అనే యాభై కార్డుల వరుస వచ్చింది. తలపాగాలు, పట్టీలు, బిగించిన మీసాలు, ఒక్కొక్క పటాలానికి ఒక్కొక్క వేషం. సామ్రాజ్యం తన సిపాయిలను ఎలా చూడదలచుకొన్నదో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన ఆధారం దొరకదు. ‘సిజర్స్’ ఈ దేశపు సిపాయిలలో బాగా చెల్లిన సిగరెట్టు. విజయనగరంలో దండు విడిసిన చోటును ఈనాటికీ కంటోన్మెంటు అనే పిలుస్తారు. తన బొమ్మే ముద్రించిన కార్డును సిపాయి తానే కొనడంలో ఉన్న వింత ఆ నాటి కంపెనీ గుమస్తాకు తట్టి ఉండదు.

ఇదే సందర్భంలో వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి గుర్తుకు వస్తాడు. విజయనగరంలో పెరిగి, సర్కసు నడిపి, ఉక్కు గొలుసులు తెంచి, రొమ్ము మీద ఏనుగును నిలిపి దేశమంతటా పేరుపొందిన మల్లుడు. ఆలెన్ అండ్ గింటర్ మల్లులకు కార్డులు వేసిన తరానికి ఆయన తరువాతి తరం. అక్కడి మల్లులలో అనేకుల కథలు ఎవరికీ గుర్తులేవు, బొమ్మలు మిగిలాయి. ఇక్కడ బొమ్మ కన్నా కథ గట్టిది. ఉత్తరాంధ్ర పల్లెలలో రామమూర్తి బలం గురించి చెప్పుకొనే మాటలు నూరేళ్ళు దాటినా ఆగలేదు. జ్ఞాపకానికి కాగితం ఒక్కటే ఆధారమనుకొనే సేకర్తకు ఈ ఉదాహరణ కొంచెం ఇబ్బంది కలిగిస్తుంది.

కాగితపు కరవు వల్ల ఇంగ్లండులో 1940లో సిగరెట్టు కార్డుల ముద్రణ ఆగిపోయింది. వాటిని దాచుకొన్నవారి శ్రమ మాత్రం అప్పటికే సంస్థారూపం ధరించింది. కార్డు సేకర్తల సంఘం అక్కడ 1938లోనే ఏర్పడింది. అమెరికాలో జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన, కీళ్ళ జబ్బుతో వేళ్ళు సరిగా కదలని స్థితిలో, మూడు లక్షలకు పైగా కార్డులను, చీటీలను న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, వాటిని ఆల్బములలో అంటించే పని తానే చేసి, అది ముగిసిన కొద్ది కాలానికే 1963లో మరణించాడు. ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ లక్షల కార్డులు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. చెత్తబుట్టకు పోవలసిన వస్తువు మైకలాంజిలో రేఖాచిత్రాలున్న భవనంలోకి వెళ్ళింది. దీనికి కారణం ఆ బొమ్మల గొప్పతనం అనడం కష్టం. చాలా కార్డుల బొమ్మలు సామాన్యమైనవి, కొన్ని నాసిరకమైనవి. వరుసకట్టి, సంఖ్య వేసి, పట్టిక తయారుచేసిన ఓపికే వాటిని చరిత్రకు ఆధారంగా మార్చింది.

తెలుగుదేశంలో ఆ పనికి సాటిరాగల సేకరణ జరిగినది వీధిలో, పిల్లల చేతుల్లో. పెట్టెలో కార్డు రావడం ఆగిపోయినా పెట్టె మిగిలింది. అగ్గిపెట్టెల, సిగరెట్టు పెట్టెల పై అట్టలను చింపి, మడతలు సాఫుచేసి, కట్టలు కట్టి దాచుకొనే అలవాటు కోస్తా పిల్లలలో ఉండేది. వాటిని బచ్చాలు అనేవారు. నేలమీద గీత గీసి, లోపల బచ్చాలు పేర్చి, దూరం నుంచి చదునైన రాతి పెంకుతో కొట్టి, గీత దాటించినవి గెలుచుకొనేవారు. తరచుగా దొరికే పెట్టెకు తక్కువ విలువ, అరుదుగా దొరికే పెట్టెకు ఎక్కువ విలువ. ఆ విలువలను ఏ కంపెనీ నిర్ణయించలేదు, ఏ పట్టికలోనూ రాయలేదు. ఖరీదైన సిగరెట్టు ఊరిలో ఎవరు కాలుస్తారో, ఏ రైలు స్టేషను దగ్గర, ఏ కిళ్ళీ బడ్డీ వెనుక ఆ పెట్టె దొరుకుతుందో పిల్లలకు తెలుసు. ఊరి ఆదాయ తారతమ్యాలను ఇంత సూటిగా లెక్కకట్టిన పద్ధతి మరొకటి ఉండదేమో.

బచ్చాలాటలో వస్తువు అరిగిపోవడం తప్పదు. రాయి తగిలి అంచులు చిట్లుతాయి, వాన వస్తే రంగు కారుతుంది, సంవత్సరాంతానికి పొయ్యిలోకి పోతుంది. పాశ్చాత్య సేకర్త కార్డుకు మూల నలగకూడదంటాడు. ఆట ఆడిన కార్డుకు అతని దృష్టిలో విలువ లేదు. ఇక్కడి సేకర్తకు ఆడడానికి పనికిరాని కార్డుకు విలువ లేదు. ‘మన దగ్గర సేకరణ సంప్రదాయం లేదు’ అనే మాట తరచుగా వినవస్తుంది. సేకరణ ఉన్నది, భద్రపరచడమే లేదు. ఆ రెండూ వేరు.

పెట్టె మీది బొమ్మ భాషలో చేసిన పని విడిగా పరిశీలించదగినది. ‘సిజర్స్’ సిగరెట్టును తెలుగువారు ‘కత్తెర సిగరెట్టు’ అన్నారు. ‘గోల్డ్ ఫ్లేక్’ను మాత్రం అనువదించలేదు, ‘గోల్డుఫ్లేకు’ అని నోటికి ఒదిగించుకొన్నారు. ‘పాసింగ్ షో’, ‘బర్కిలీ’ కూడా అలాగే ఉండిపోయాయి. ఇంగ్లీషు తెలియడం, తెలియకపోవడం ఈ తేడాను వివరించలేవు. కత్తెర పెట్టె మీద కత్తెర కనిపిస్తుంది. కొనుగోలుదారు చదివింది అక్షరాన్ని కాదు, బొమ్మను. బొమ్మకు తన భాషలో ఉన్న పేరు పెట్టాడు. బొమ్మగా చూపలేని పేరు ధ్వనిగానే మిగిలింది. గుర్రం మార్కు, ఏనుగు మార్కు, ఓడ మార్కు అంటూ సరకును బొమ్మతో పిలిచే అలవాటు చీరలకూ, మందులకూ, అగ్గిపెట్టెలకూ వ్యాపించింది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉద్యోగం చేసి, జనం నోటిమాటే భాషకు ప్రమాణమని వాదించిన గిడుగు రామమూర్తి వాదానికి ఈ అంగడి మాటలు మంచి సాక్ష్యాలు. ఎవరూ తర్జుమా చేయమని అడగని చోట, ఎవరూ తప్పుపట్టని చోట జరిగిన అనువాదమిది.

న్యాయస్థానాలు కూడా ఈ సంగతిని గుర్తించక తప్పలేదు. మన దేశంలో వాణిజ్య ముద్రలకు ప్రత్యేక చట్టం 1940లో వచ్చింది. ఒక ముద్ర మరొక ముద్రను పోలి ఉన్నదా అన్న తగవు వచ్చినప్పుడు, చదువురాని కొనుగోలుదారు సరకును ఏ పేరుతో అడుగుతాడు, బొమ్మ చూసి మోసపోతాడా అన్నది విచారణలో ముఖ్యాంశమయింది. చదువురానివాని చూపు ఇలా చట్టానికి కొలమానమైంది. ఆ తర్వాత పది పన్నెండేళ్ళకు, 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో, పార్టీలకు గుర్తులు కేటాయించవలసి వచ్చినప్పుడు ఓటరుకు బొమ్మను చూసి ఎంచుకోవడం కొత్త కాదు. అగ్గిపెట్టె, సిగరెట్టు పెట్టె అతనికి ఆ చదువు ఎప్పుడో చెప్పాయి.

పెట్టె మీది బొమ్మలలో తెలుగువారికి అతి పరిచితమైనది చార్మినారు. 1930లో హైదరాబాదులో ఏర్పడిన వజీర్ సుల్తాన్ కంపెనీ సిగరెట్టు ఇది. గాటు ఎక్కువ, ధర తక్కువ. నిజాం రాజ్యానికి చెందిన ఒక కట్టడం పొగాకు పెట్టె మీదికెక్కి బ్రిటిషు ఇండియాలోకి, కలకత్తా దాకా వెళ్ళింది. సత్యజిత్ రాయ్ సృష్టించిన అపరాధ పరిశోధకుడు ఫెలూదా కాల్చేది ఇదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇచ్ఛాపురానికి రాజధాని హైదరాబాదుగా మారింది. హైదరాబాదు ఎన్నడూ చూడని శ్రీకాకుళం రైతులలో, కూలీలలో అనేకులకు ఆ నగరం గురించి ఉన్న ఒకే ఒక దృశ్యం ఆ పెట్టె మీది నాలుగు మినారులు. రాష్ట్రావతరణ గురించి రాసిన గ్రంథాలలో ఈ ప్రస్తావన దొరకదు. దొరకాలని కోరడం కూడా అతిశయమే కావచ్చును.

ఇంతవరకూ చెప్పినదంతా పెట్టె గురించి, అంటే పెట్టెలో వచ్చే సిగరెట్టు గురించి. ఈ రెండు జిల్లాల పల్లెలలో పొగాకు అంటే ప్రధానంగా సిగరెట్టు కాదు, చుట్ట. చుట్టకు పెట్టె లేదు. ఇంట్లో ఆకు తడిపి, ఈనె తీసి, చేత్తో చుట్టుకొంటారు. లేదా సంతలో దారంతో కట్టిన కట్టగా కొంటారు. పొగాకు మంచిదో కాదో వాసన చూసి, వేలితో నొక్కి తెలుసుకొంటారు. అమ్మేవాడు తెలిసినవాడే. తెలిసినవాని దగ్గర కొనేదానికి బొమ్మ అక్కరలేదు. ఎవరు చేశారో తెలియని సరకుకే ముఖం కావలసివచ్చింది. రంగుల బొమ్మను జానపద కళకు వారసురాలిగా పొగిడే వ్యాసాలలో సాధారణంగా తప్పిపోయే విషయం ఇది.

పైగా ఇక్కడ చుట్ట కాల్చేవారిలో స్త్రీలు ఎక్కువ. అదీ అడ్డపొగ. నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని, పెదవులు మూసి పీల్చడం. సముద్రపు గాలికి, వానకు చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, రెండు చేతులా పని చేసుకోవచ్చునని, బూడిద మీద పడదని దీనికి కారణాలు చెబుతారు. సిగరెట్టు కార్డులలో మొదటి నుంచీ అత్యంత జనాదరణ పొందిన వరుసలు సుందరీమణులవి, నటీమణులవి. పురుషుడు పొగ తాగుతాడు, స్త్రీ బొమ్మగా పెట్టెలో ఉంటుంది. ఈ అమరిక మీదనే ఆ వ్యాపారపు దృశ్యలోకం నిలబడింది. చేపలగంపతో, వరినాట్లలో, ఇటుకల బట్టీ దగ్గర నిలబడి నిప్పును నోటిలో దాచుకొన్న శ్రీకాకుళం స్త్రీకి ఆ లోకంలో చోటే లేదు. ఆమె పొగ కూడా బయటికి సరిగా కనిపించదు.

ఆమెను మొదట లెక్కించినవారు వైద్యులు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిమీద వచ్చే మార్పులను వివరించిన పత్రం 1971లో బ్రిటిషు కాన్సరు పత్రికలో వెలువడింది. పరీక్షించినవారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉన్నది. నోటి కాన్సరు ఇతర ప్రాంతాలలో చెంపలో, నాలుకమీద రావడం ఎక్కువ. ఇక్కడ అంగిట్లో వస్తుంది, నిప్పు తగిలేది అక్కడే కనుక. ఆ తర్వాత కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగరం జిల్లాలతోపాటు శ్రీకాకుళాన్ని కలుపుకొని, 36,000 మంది పొగాకు వాడకందార్లతో అలవాటు మాన్పించే ప్రయత్నం జరిగింది. ముఖాముఖి సలహాతోపాటు సామూహిక ప్రచార సాధనాలను కూడా వాడిన ఆ ప్రయత్నం ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వచ్చాయి. శ్రీకాకుళం పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలో స్థిరపడినది ఈ అంగిటి మచ్చలతోనే.

పొగాకు బొమ్మలను కళగా పరిశీలించేవారు ఈ పత్రాన్ని పక్కన పెట్టుకొని చదవడం న్యాయం. బొమ్మ అందంగా ఉండవచ్చు. చాలాసార్లు ఉంటుంది కూడా. రాతి అచ్చులో నీలం మీద పసుపు పడి పుట్టిన ఆకుపచ్చను చూసి ఆనందించడం దోషం కాదు. అయితే ఆ అందానికి డబ్బు పెట్టినవాని ఉద్దేశం దాచి, ‘ప్రజాకళ’ అనే మాట దగ్గర ఆగిపోతే వ్యాసం ప్రకటనకు కొనసాగింపు అవుతుంది. ఈనాడు పాత రేకు ప్రకటనలు, పింగాణి పూత బోర్డులు పురావస్తువుల దుకాణాలలో మంచి ధరకు అమ్ముడై హోటళ్ళ గోడలెక్కుతున్నాయి. వాటిని కొనేవారిలో పొగ తాగని వారే ఎక్కువ ఉండవచ్చును. బొమ్మ సరకు నుంచి విడిపోయి తానే సరకుగా మారింది. కార్డు విషయంలో అమెరికాలో నూరేళ్ళకు ముందే జరిగిన మార్పు ఇది.

మిగిలింది భద్రపరచే సమస్య. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం తెలుగు కథకు ఆధారభూతమైన సంగ్రహాలయం. పాత పత్రికల సంచికలను అంత పట్టుదలగా పోగుచేసిన చోటు మరొకటి లేదు. కథ కోసం దాచిన పత్రికలో కథతోపాటు ప్రకటనా మిగులుతుంది. సబ్బు, తలనూనె, అగ్గిపెట్టె, సిగరెట్టు, అన్నీ కథ పక్క పేజీలో ఉంటాయి. చాసో కథ చదివిన పాఠకుడి కన్ను అదే విడతలో ఏ బొమ్మ మీద పడిందో చెప్పగలది ఆ సంచిక ఒక్కటే. సాధారణంగా గ్రంథాలయాలలో సంచికలను కలిపి బైండు చేసేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ తీసివేయడం లోకమంతటా ఉన్న అలవాటు. ప్రతులు తీసేటప్పుడు కూడా రచన ఉన్న పేజీలతో సరిపెట్టుకొంటారు. పరిశోధక విద్యార్థి చేతికి వచ్చేసరికి కథ ఒంటరిగా, తెల్లని కాగితం మధ్య, ఏ కాలానిదో తెలియని శుభ్రతతో ఉంటుంది. తెలుగు శాఖలలో పత్రికా సాహిత్యం మీద సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి. వాటిలో అట్టల గురించి ఒక అధ్యాయం ఉండడం అరుదు.

బచ్చాల పేర్లనూ విలువలనూ గుర్తుంచుకొన్న తరం ఇప్పుడు అరవైలలో, డెబ్బైలలో ఉన్నది. ఆటల పాటలు సేకరించినంత శ్రద్ధగా ఆ విలువలను ఎవరైనా ఊరూరా అడిగి రాస్తే, ఏ సిగరెట్టు ఏ ఊరికి ఎప్పుడు చేరిందో, ఏది కలవారిదో, ఏది కూలిదో తెలిపే పటం ఒకటి తయారవుతుంది. కాగితం పోయినా దానికి పిల్లలు కట్టిన ఖరీదు నోట్లో ఉన్నది. ఈ పని పెద్ద గ్రాంటు లేకుండా, ఒక వేసవి సెలవులలో, ఆమదాలవలస నుంచి చీపురుపల్లి దాకా తిరిగి చేయదగినది.

2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2009 మే 31 నుంచి పెట్టెలమీద బొమ్మతో కూడిన హెచ్చరిక తప్పనిసరి అయింది. 2016 ఏప్రిల్ 1 నుంచి అది పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర పరచుకొన్నది. కత్తెర, మినారు, టోపీ దొర ఉండిన చోట ఇప్పుడు పుండుపడిన గొంతు ఉంది. ఆ హెచ్చరిక బొమ్మలు కూడా వరుసగానే వస్తాయి, నిర్ణీత గడువు తర్వాత ఒకటి పోయి మరొకటి వస్తుంది. వాటిని పోగుచేసిన పిల్లవాడు ఎక్కడా కనపడడు. సంతలో దారంతో కట్టిన చుట్టల కట్టకు మాత్రం అట్ట లేదు, రెండువైపులూ లేవు. ఒకప్పుడు సుందరీమణి బొమ్మ చేరని ఆ కట్టమీదికి ఇప్పుడు పుండు బొమ్మా చేరలేదు.